రోడ్డు మీద రంగు: అమెరికా పోలీసు లెక్కలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో సామాన్య పౌరుడు పోలీసును ముఖాముఖిగా కలుసుకునేది ఎక్కడ? స్టేషనులో కాదు, కోర్టులో కాదు. రోడ్డు మీద. కారు వెనక దీపాలు తళుక్కుమంటాయి. డ్రైవరు పక్కకు తీసి ఆపుతాడు. పోలీసు కిటికీ దగ్గరకొచ్చి లైసెన్సు అడుగుతాడు. ఆ దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా ఇలా జరుగుతుంది. చాలాసార్లు ఒక హెచ్చరికతోనో చలానుతోనో వ్యవహారం ముగిసిపోతుంది. కొన్నిసార్లు మాత్రం సోదా దాకా పోతుంది, అరెస్టు దాకా పోతుంది, మరికొన్నిసార్లు మనిషి ప్రాణం దాకా పోతుంది. 2016లో మినసోటా రాష్ట్రంలో కారులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోలీసు కాల్పుల్లో మరణించిన ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుణ్ణి, అంతకుముందు పదమూడేళ్ళలో కనీసం 46 సార్లు ఆపారని తర్వాత రికార్డులు తిరగేసినవారు తేల్చారు.

నలభై ఆరు సార్లు! ఇది ఒక మనిషి దురదృష్టమా, లేక ఒక పద్ధతి ఫలితమా? నల్లజాతివారు ఇది పద్ధతేనని చాలాకాలంగా చెబుతూనే వున్నారు. తాగి కారు నడపటం నేరమైనట్టే తమకు "నల్లగా వుండి కారు నడపటం" కూడా నేరమైందని వాళ్ళలో వాళ్ళకొక చేదు హాస్యోక్తి వుంది. పోలీసులు మాత్రం "మేము చూసేది తప్పును, రంగును కాదు" అంటారు. మరి ఎవరి మాట నిజం? దీన్ని తేల్చాలంటే లెక్క కావాలి. ఆ లెక్క ఎలా కడతారు, అందులో చిక్కులేమిటి, లెక్క బయటపెట్టినందువల్ల ఏం ఒరిగింది - ఈ మూడు విషయాలూ విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం ఇచ్చిన చనువు

ముందుగా చట్టం సంగతి చూద్దాం. 1996 జూన్‌లో "రెన్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్" అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఒక తీర్పు చెప్పారు. కారు నడిపేవాడు ట్రాఫిక్ నిబంధన ఏదైనా ఉల్లంఘించినట్టు పోలీసు చూస్తే చాలు, ఆ కారును ఆపటం సక్రమమే. ఆపిన పోలీసు మనసులోని అసలు ఉద్దేశం ఏమిటన్నది అక్కరలేదు. మాదకద్రవ్యాలు దొరుకుతాయేమోనన్న ఆశతో ఆపినా సరే, పైకి చూపటానికి ఒక ట్రాఫిక్ తప్పు వుంటే సరిపోతుంది.

ఇందులో వున్న తిరకాసు ఏమిటంటే, తప్పు చెయ్యకుండా కారు నడిపేవాడు దాదాపు వుండడు. పరిమితికి అయిదు మైళ్ళు ఎక్కువ వేగం, మలుపులో సిగ్నలు ఇవ్వటం మరచిపోవటం, నంబరుప్లేటు మీది దీపం వెలగకపోవటం - అన్నీ తప్పులే. అందరూ తప్పు చేసేవారైనప్పుడు ఎవర్ని ఆపాలో, ఎవర్ని పోనివ్వాలో పోలీసు చిత్తం. సరిగ్గా ఆ చిత్తంలోనే రంగు దూరటానికి సందుంది.

అయితే ఆ తీర్పే ఇంకొక తలుపు కొద్దిగా తెరిచి వుంచింది. జాతిని బట్టి చట్టాన్ని అమలు చెయ్యటం రాజ్యాంగవిరుద్ధమే, కాకపోతే దాన్ని సమానరక్షణ సూత్రం కింద సవాలు చేసుకోవాలి అన్నది. మంచిదే. కాని సమానరక్షణ లేదని రుజువు చెయ్యాలంటే ఒక్క కారు సంగతి చెబితే చాలదు. వేల కార్ల సంగతి చెప్పాలి. అంటే గణాంకాలు కావాలన్నమాట.

ఒక చలాను - ఒక దావా

గణాంకాల కథ ఒక చలానుతో మొదలైందంటే ఆశ్చర్యం లేదు. 1992 మే నెలలో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి న్యాయవాది షికాగోలో తన తాతగారి అంత్యక్రియలు ముగించుకుని బంధువులతో కలిసి కారులో వాషింగ్టన్ తిరిగివస్తున్నాడు. మేరీలాండ్ రాష్ట్ర పోలీసులు వేగం ఎక్కువైందని ఆపారు. కారు సోదా చెయ్యటానికి ఒప్పుకోమన్నారు. ఆయన వృత్తిరీత్యా చట్టం తెలిసినవాడు గనక, కారణం లేకుండా సోదా చెయ్యటానికి వీల్లేదని మర్యాదగానే చెప్పాడు. పోలీసులు కుక్కను రప్పించారు. కుటుంబమంతా కారు దిగి నిలబడవలసివచ్చింది. కుక్క వాసన చూసింది, ఏమీ దొరకలేదు. చివరకు చలాను చేతిలో పెట్టి పొమ్మన్నారు.

ఆయన ఊరుకోలేదు, దావా వేశాడు. 1995లో రాజీ కుదిరింది. అందులో అన్నిటికంటే విలువైన షరతు డబ్బు కాదు. రాష్ట్ర పోలీసులు తాము సోదా చేసిన ప్రతి కారు వివరమూ, డ్రైవరు జాతితో సహా రాసి కోర్టుకు సమర్పించాలన్నది. ఆ కాగితాలు చూస్తే బొమ్మ బయటపడింది. అంతర్రాష్ట్ర రహదారి 95 మీద ట్రాఫిక్ తప్పులు చేసేవారిలో నల్లజాతివారు సుమారు 17 శాతం, సోదాకు గురైనవారిలో 70 శాతానికి పైగా! పోనీ వారి దగ్గర ఎక్కువ సరుకు దొరికిందా అంటే అదీ లేదు. నల్లవారి దగ్గరా, తెల్లవారి దగ్గరా దొరికిన నిష్పత్తి దాదాపు ఒకటే.

ఆ విల్కిన్స్‌గారు తర్వాత ఫెడరల్ న్యాయమూర్తి అయ్యారు. 2014 నుంచి వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టులో వున్నారు. రోడ్డు పక్కన నిలబెట్టినవాడు న్యాయపీఠం ఎక్కటం కథగా బాగానే వుంటుంది. కాని అలా నిలబడ్డ వేలమందిలో దావా వెయ్యగలిగిన చదువూ ఓపికా ఎందరికి వుంటాయి?

హారం ఏది?

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. లెక్కల తరగతిలో కూర్చున్న ప్రతివాడికీ లవం, హారం తెలుసు. పోలీసులు ఆపిన వందమందిలో ముప్ఫైఅయిదుగురు నల్లవారని తేలిందనుకోండి. ఇది లవం. ఎక్కువా తక్కువా అని చెప్పటానికి హారం కావాలి. ఏమిటా హారం? ఊరి జనాభాలో నల్లవారి శాతమా? కాని జనాభాలో పసిపిల్లలుంటారు, కారు లేనివాళ్ళుంటారు. జాతీయ రహదారి మీద పోయేవారిలో సగంమంది ఆ ఊరివాళ్ళే కాకపోవచ్చు. లైసెన్సులున్నవారి శాతమా? లైసెన్సున్నవారంతా ఒకే దూరం నడపరు. ప్రమాదాల్లో చిక్కుకున్నవారి శాతమా? ప్రతి హారానికీ ఏదో ఒక వంక వుంది. హారం మారిస్తే జవాబు మారుతుంది. అంచేత ఇరుపక్షాలవారూ తమకు అనుకూలమైన హారం పట్టుకుని వాదించటానికి అవకాశం చిక్కింది.

టెంపుల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన జాన్ లాంబెర్త్ దీనికి ఒక తేలికైన ఉపాయం పన్నాడు. హారం ఎక్కడో పుస్తకాల్లో వెతకటమెందుకు, రోడ్డు మీదకే పోయి లెక్కపెడదాం అన్నాడు. న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి పక్కన మనుషుల్ని కూర్చోబెట్టి దాదాపు 42 వేల కార్లను లెక్కించారు. 13.5 శాతం కార్లలో నల్లజాతివారున్నారు. సరే, వీళ్ళే ఎక్కువ వేగంగా పోతున్నారేమో? దానికీ పరీక్ష పెట్టారు. వేగపరిమితి గంటకు 55 మైళ్ళుంటే, ఒక కారును నిలకడగా 60 మైళ్ళ వేగంతో నడుపుతూ, తమను దాటిపోయినవెన్ని, తాము దాటినవెన్ని అని రాసుకుంటూ పోయారు. తేలిందేమిటంటే 98 శాతానికి పైగా కార్లు పరిమితి మీరుతున్నాయి! అందులో నల్లజాతివారి వాటా సుమారు 15 శాతం. పోలీసులు ఆపినవాటిలో మాత్రం 35 శాతం పైన.

1996 మార్చిలో "స్టేట్ వర్సెస్ సోటో" కేసులో న్యూజెర్సీ న్యాయమూర్తి ఈ లెక్కను నమ్మి, 17 మంది ముద్దాయిల మీద పోలీసులు సేకరించిన సాక్ష్యాన్ని తోసిపుచ్చాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. ఇంతలో 1998 ఏప్రిల్‌లో అదే టర్న్‌పైక్ మీద బాస్కెట్‌బాల్ శిక్షణకు పోతున్న నలుగురు యువకుల వ్యానును ఇద్దరు పోలీసులు ఆపి పదకొండుసార్లు కాల్చారు. ముగ్గురు గాయపడ్డారు. వారి దగ్గర ఏ ఆయుధమూ లేదు. రాష్ట్రం అట్టుడికిపోయింది. 1999 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ నివేదిక ఇస్తూ ఈ వివక్ష ఊహ కాదు, వాస్తవమేనని ఒప్పుకున్నాడు. అప్పీలు వదులుకున్నారు. ఆ ఏడాది చివర రాష్ట్ర పోలీసుశాఖ ఫెడరల్ పర్యవేక్షణకు తలవంచవలసివచ్చింది. అది 2009 దాకా సాగింది.

కథ ఇక్కడే ఆపేస్తే చక్కగా వుంటుంది గాని నిజాయితీగా వుండదు. 2002లో ఇంకొక పరిశోధన వెలువడింది. అదే టర్న్‌పైక్ మీద రాడారుతోనూ కెమెరాలతోనూ వేలమంది డ్రైవర్ల ఫొటోలు తీశారు. 65 మైళ్ళ పరిమితి వున్న భాగంలో గంటకు 80 మైళ్ళు దాటి పోయేవారిని మాత్రమే "వేగం మీరినవారు" అని లెక్కిస్తే, డ్రైవర్లలో 16 శాతం వున్న నల్లజాతివారు అలాంటివారిలో 25 శాతం వున్నారన్నది దాని సారాంశం. 55 మైళ్ళ పరిమితి వున్న భాగంలో అలాంటి తేడా కనిపించలేదు. ఫెడరల్ న్యాయశాఖ ఈ పద్ధతిని ప్రశ్నించింది. చాలా ఫొటోలలో డ్రైవరు జాతి ఏదో తేల్చలేక పక్కన పెట్టేశారు గదా అన్నది. ఎవరు ఒప్పో పక్కన పెట్టి మనం గ్రహించవలసిందొకటుంది. తప్పు అంటే ఏమిటో నిర్వచనం మారిస్తే హారమే మారిపోతుంది. కొద్ది వేగాన్ని లెక్కవేస్తే ఒక జవాబు, మితిమీరిన వేగాన్ని లెక్కవేస్తే ఇంకొక జవాబు.

చీకటి తెర

హారం గొడవ తేలదనుకున్నప్పుడు, హారమే అక్కరలేని ఉపాయమేదైనా వుందా అని కొందరు ఆలోచించారు. 2006లో జెఫ్రీ గ్రోగర్, గ్రెగ్ రిడ్జ్‌వే అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరం లెక్కలతో ఒక పద్ధతి ప్రతిపాదించారు. దాన్ని "చీకటి తెర" పరీక్ష అంటారు. ఆలోచన ఎంత సులువో చూడండి. పగటివెలుగులో ముందుపోయే కారులో డ్రైవరు ఏ రంగువాడో పోలీసుకు కనిపిస్తుంది. చీకటి పడ్డాక కనిపించటం కష్టం. రంగు చూసే ఆపుతున్నారనుకుంటే, వెలుగున్నప్పుడు ఆపినవారిలో నల్లవారి వాటా ఎక్కువగానూ, చీకట్లో తక్కువగానూ వుండాలి.

"రాత్రిపూట రోడ్డు మీద తిరిగేవాళ్ళు వేరు, పగలు తిరిగేవాళ్ళు వేరు గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దానికి వాళ్ళ సమాధానం - మేము పగటినీ రాత్రినీ పోల్చటం లేదు. సాయంత్రం ఆరున్నరను సాయంత్రం ఆరున్నరతోనే పోలుస్తున్నాం. వేసవిలో ఆరున్నరకు వెలుగుంటుంది. చలికాలంలో అదే ఆరున్నరకు చీకటి. పైగా ఆ దేశంలో ఏటా రెండుసార్లు గడియారాలు గంటసేపు ముందుకూ వెనక్కూ జరుపుతారు. ఈవారం వెలుగున్న వేళ పైవారం చీకటి వేళ అయిపోతుంది. ఆఫీసునుంచి ఇంటికి పోయే జనం మాత్రం అదే జనం. ఇంతకంటె చక్కని ప్రయోగాన్ని ఏ శాస్త్రజ్ఞుడూ ప్రయోగశాలలో ఏర్పాటు చెయ్యలేడు. ప్రకృతే చేసిపెట్టింది.

ఓక్లండ్‌లో ఈ పరీక్ష పెడితే వివక్షకు చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. అది కూడా దాచకుండా ప్రకటించారు. కాని 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బృందం ఇదే పరీక్షను చాలా విస్తారంగా చేసింది. 21 రాష్ట్రాల గస్తీ పోలీసులనుంచీ, 35 నగరాల పోలీసులనుంచీ రాబట్టిన సుమారు తొమ్మిదిన్నర కోట్ల రికార్డులు వాళ్ళ చేతిలో వున్నాయి. పొద్దు గుంకాక ఆపినవారిలో నల్లజాతివారి వాటా తగ్గిందని వాళ్ళు చూపించారు. అంటే ముఖం కనిపించినప్పుడు ఎక్కువ, కనిపించనప్పుడు తక్కువ.

ఈ పరీక్షకూ లోపాలు లేకపోలేదు. వీధిదీపాలున్నచోట చీకటి పూర్తి చీకటి కాదు. ముఖం కనిపించకపోయినా పాతకారును బట్టి, పేటను బట్టి డ్రైవరెవరో పోలీసు ఊహించవచ్చు. అంచేత ఈ పరీక్షలో వివక్ష కనిపించకపోతే, వివక్ష లేదని దస్తావేజు రాసిచ్చినట్టు కాదు.

దొరికిందా, దొరకలేదా?

ఆపటం ఒక మెట్టు. సోదా ఇంకొక మెట్టు. సోదా విషయంలో ఒక తేలికైన పరీక్ష వుంది. దాన్ని పరీక్షహాలు భాషలో చెబితే మనకు వెంటనే అర్థమవుతుంది.

స్క్వాడు వచ్చిందనుకోండి. ఏ సెక్షనులో ఇరవైమంది జేబులు వెతికితే పదిమంది దగ్గర చీటీలు దొరికాయి. బి సెక్షనులో నలభైమంది జేబులు వెతికితే పదిమంది దగ్గరే దొరికాయి. అప్పుడేమంటాం? బి సెక్షనువాళ్ళని తక్కువ అనుమానానికే లేపి వెతికారు, ఏ సెక్షనువాళ్ళని గట్టి అనుమానం వుంటేనే లేపారు అంటాం. దొరికిన శాతం తక్కువైనచోట అనుమానం గీత కిందికి దిగిందన్నమాట. దీన్నే ఫలిత పరీక్ష అంటారు.

2001లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు మేరీలాండ్ లెక్కలకు ఈ పరీక్ష పెట్టి, నల్లవారి దగ్గరా తెల్లవారి దగ్గరా దొరికిన శాతం మూడోవంతుకు అటూ ఇటూగా సమానమే గనక పోలీసుల్లో ద్వేషం లేదని వాదించారు. హిస్పానిక్ డ్రైవర్ల దగ్గర దొరికిన శాతం మాత్రం బాగా తక్కువ. సరే, ద్వేషం లేదనే అనుకుందాం. మూడోవంతుమంది దగ్గరే దొరికిందంటే మిగిలిన రెండువంతులమందీ నిర్దోషులు గదా! రోడ్డు పక్కన నిలబడి సామాను తీయించుకున్న ఆ నిర్దోషుల్లో నల్లవారే ఎక్కువమంది. వారి అవమానం ఏ పద్దులో రాస్తారు?

మళ్ళీ పరీక్షహాలుకే వద్దాం. ఫలిత పరీక్షలో ఒక ఉచ్చు వుంది. స్క్వాడుకు రెండు సెక్షన్లకూ ఒకటే నియమం వుందనుకోండి - పదోవంతు అనుమానం దాటితే లేపి వెతకటం. ఏ సెక్షనులో అనుమానితులంతా చొక్కా చేతులు బాహాటంగా తడుముకుంటున్నవారు, వందకు ఎనభైమంది దొరికేవారే. బి సెక్షనులో అనుమానితులు కాస్త తడబడుతున్నవారు, వందకు నలభైమంది దొరికేవారు. నియమం ఒకటే అయినా దొరికిన శాతాలు రెట్టింపు తేడాతో వస్తాయి. పక్షపాతం లేకపోయినా వున్నట్టు కనిపిస్తుంది. ఇందుకు తిరుగుడుగా, పక్షపాతం వుండి కూడా లేనట్టు కనిపించే సందర్భాలూ వున్నాయి.

ఈ ఉచ్చు తప్పించుకోవటానికి స్టాన్‌ఫర్డ్ బృందం సోదాల శాతాన్నీ దొరికిన శాతాన్నీ కలిపి చూసి, పోలీసు మనసులోని అనుమానం గీత ఎక్కడుందో అంచనాకట్టే గణితపద్ధతి తయారుచేసింది. దాని ప్రకారం చాలాచోట్ల నల్లవారికీ హిస్పానిక్కులకూ గీత కిందికే వుంది. తెల్లవారితో పోలిస్తే వారి సోదాలు సుమారు రెట్టింపు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. వాషింగ్టన్, కొలరాడో రాష్ట్రాల్లో 2012 ఓటుతో గంజాయి చట్టబద్ధమయ్యాక సోదాలు అన్ని జాతులవారికీ బాగా తగ్గాయి. తేడా మాత్రం పూర్తిగా పోలేదు.

లెక్క రాసేదెవరు?

ఇంతవరకూ లెక్క సరిగ్గా రాశారనే అనుకున్నాం. కాని ఈ లెక్క రాసేది ఎవరు? ఎవరి ప్రవర్తన పరీక్షించాలో ఆ పోలీసే. విద్యార్థి తన పేపరు తానే దిద్దుకున్నట్టు. కంచే చేను మేస్తే కాపలా ఎవరు?

న్యూజెర్సీలో 1998 కాల్పులు జరిపిన ఆ ఇద్దరి మీదే, తాము ఆపిన డ్రైవర్ల జాతి దాచటానికి తప్పుడు రికార్డులు సృష్టించారన్న అభియోగం కూడా వచ్చింది. ఆపింది నల్లవాణ్ణి, రాసింది పక్కనుంచి పోతున్న తెల్లవాడి కారు నంబరు! 2002లో వాళ్ళు చిన్నపాటి నేరాలు ఒప్పుకుని జైలుకు పోకుండా బయటపడ్డారు. 2015లో టెక్సాస్‌లో ఒక టెలివిజన్ విలేకరుల బృందం రాష్ట్ర పోలీసుల రికార్డులు చూస్తే, హిస్పానిక్ ఇంటిపేర్లున్న ఎందరినో "తెల్లవారు" అని రాసినట్టు తేలింది. తెల్లవారి ఖాతాలో వారిని కలిపేస్తే రెండు జాతుల మధ్య తేడా దానంతటదే తగ్గిపోతుంది గదా! ఆ తర్వాత డ్రైవరునే జాతి అడిగి రాసుకోమని పోలీసులకు ఉత్తర్వులిచ్చారు.

ఇంకా పెద్ద గందరగోళం కనెక్టికట్‌లో జరిగింది. ఆ రాష్ట్రం 1999లోనే జాతి లెక్కల చట్టం చేసింది. 2023 జూన్‌లో ఆడిట్ చేసినవారు 2014-2021 మధ్య రాష్ట్ర పోలీసులు రాసిన చలాన్లను కోర్టు రికార్డులతో పోల్చి చూశారు. కనీసం 25,966 చలాన్లకు కోర్టులో జాడలేదు! ఆ లేని చలాన్లలో తెల్లవారి పేరు మీద రాసినవే ఎక్కువ. 2024లో విడిగా జరిగిన విచారణలో, ఇందులో చాలాభాగం అజాగ్రత్తవల్లా, కంప్యూటరు పద్ధతుల లోపంవల్లా జరిగింది గాని అందరూ కలిసి చేసిన కుట్ర కాదన్నారు. కొద్దిమంది మాత్రం కావాలనే చేసివుంటారన్నారు. కుట్ర అయినా కాకపోయినా ఏళ్ళ తరబడి ఆ రాష్ట్రం వివక్ష గురించి చేసిన విశ్లేషణకు పునాది కదిలిపోయింది.

ఇక్కడ మనవాళ్ళకు సంబంధించిన చిన్న ముచ్చట ఒకటుంది. అమెరికా లెక్కల్లో చాలాచోట్ల మనల్ని "ఆసియావారు" అనే పెద్ద సంచీలో వేసేస్తారు. చైనావారూ ఫిలిప్పీన్స్‌వారూ మనమూ ఒకటే. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టం కింద మాత్రం "మధ్యప్రాచ్యం లేదా దక్షిణాసియా" అని వేరే గడి పెట్టారు. అంతేకాదు, ఆ గడి నింపేటప్పుడు పోలీసు డ్రైవరును అడగకూడదు. తన కంటికి ఎలా కనిపించాడో అదే రాయాలి. మొదట వింతగా వుంటుంది గాని ఆలోచిస్తే సబబే. వివక్ష వుంటే అది పాస్‌పోర్టు చూసి పుట్టదు, ముఖం చూసి పుడుతుంది. ముఖం చూసి పోలీసు ఏమనుకున్నాడో అదే కొలవాలి. గుంటూరునుంచి వెళ్ళిన ఇంజనీరు ఆ కంటికి అరబ్బుగానో మెక్సికన్‌గానో కనిపించినా సరే, కనిపించినట్టే రాయాలి.

లెక్క బయటపెట్టాక

లెక్కలు కట్టటంవల్ల ఏం ఒరిగిందని అడిగేవారుంటారు. కొంత ఒరిగింది. 1999లో నార్త్ కరోలినా ఈ వివరాలు తప్పనిసరిగా సేకరించాలని చట్టం చేసింది. ఇల్లినాయ్ 2003లో అలాంటి చట్టమే చేసింది. ఆ బిల్లు శాసనసభలో నడిపించిన రాష్ట్ర సెనేటరు పేరు బరాక్ ఒబామా. ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళకు ఏళ్ళ రికార్డులు పోగుపడి పరిశోధకుల చేతికందాయి.

నార్త్ కరోలినాలోని ఫయెట్‌విల్ నగరంలో 2013-2016 మధ్య పోలీసు అధిపతి ఒక మార్పు తెచ్చాడు. వెలగని దీపాలూ, గడువు తీరిన కాగితాలూ వంటి చిల్లరతప్పులకు ఆపటం తగ్గించి, వేగం, ఎర్రదీపం దాటటం, తాగి నడపటం వంటి ప్రమాదకరమైన తప్పులమీద దృష్టి పెట్టమన్నాడు. 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రోడ్డు ప్రమాదాల మరణాలు తగ్గాయి, ఆపినవారిలో నల్లజాతివారి వాటా కూడా తగ్గింది. భయపడినట్టుగా ఇతర నేరాలు పెరిగిపోలేదు. ఫిలడెల్ఫియా నగరం 2021లో చట్టం చేసి, 2022 మార్చి నుంచి ఎనిమిదిరకాల చిల్లరతప్పులకు కేవలం వాటికోసమే కారు ఆపకూడదంది. 2024 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పోలీసు కారు ఆపగానే ప్రశ్నలు మొదలుపెట్టకముందే, ఎందుకు ఆపాడో చెప్పి తీరాలి. "ఎందుకు ఆపానో తెలుసా?" అని డ్రైవరునే అడిగి నోటినుంచి నేరం రాబట్టే పాత ఆనవాయితీకి అక్కడ చెల్లుచీటీ.

ఇవన్నీ చిన్నవే, ఒప్పుకుందాం. లెక్కలే సేకరించని రాష్ట్రాలు ఇంకా వున్నాయి. సేకరించి బీరువాలో పెట్టేవారూ వున్నారు. లెక్క రాయటం ఒక ఎత్తు, దాన్ని పౌరుడు చదవగలిగేలా బయటపెట్టటం ఇంకొక ఎత్తు. పారదర్శకత అంటే ఏడాదికొకసారి ఒక శాతం ప్రకటించి చేతులు దులుపుకోవటం కాదు. ఏ రోజున, ఏ గంటకు, ఏ వీధిలో, ఏ కారణంతో ఆపారు, సోదా చేశారా, ఏమైనా దొరికిందా - ఈ వివరాలు ఒక్కొక్క ఘటనకూ విడివిడిగా వుంటే తప్ప పైన చెప్పిన ఏ పరీక్షా పెట్టటానికి వీలుపడదు. గంట రాయకపోతే చీకటి తెర లేదు. దొరికిందో లేదో రాయకపోతే ఫలిత పరీక్ష లేదు. మొత్తం కూడికలు మాత్రమే ఇచ్చేవాడు ప్రశ్న వెయ్యటానికి దారే లేకుండా చేస్తున్నాడన్నమాట.

మనం నేర్చుకోవలసింది

గణితం చదివేవారికీ, సాంఘికశాస్త్రాలు చదివేవారికీ ఈ కథలో సమానంగా పని వుంది. ఏ ఒక్క పరీక్షా తిరుగులేనిది కాదు. ప్రతిదానికీ ఒక సందు వుంది. కాని వేర్వేరు దోవల్లో బయలుదేరిన పరీక్షలు అనేకచోట్ల ఒకే ఊరు చేరుతుంటే, ఆ ఊరు లేదనటం కష్టం. అదే సమయంలో ఓక్లండ్‌లాగా పరీక్షలో ఏమీ తేలనిచోట తేలలేదనే చెప్పాలి. మనకు నచ్చిన జవాబు వచ్చినప్పుడే లెక్కను నమ్ముతామంటే అది లెక్క కాదు, వకాల్తా.

మన దేశంలో జాతీయ నేర గణాంక సంస్థ ఏటా ప్రచురించే జైళ్ళ లెక్కల్లో ఖైదీల మతం, కులవర్గం వివరాలుంటాయి. జైలు గుమ్మం దాటాక ఎవరెందరో మనకు తెలుసు. ఆ గుమ్మానికి దారితీసిన మొదటి అడుగు, అంటే రోడ్డు మీద ఎవరిని ఆపారు, ఎవరిని పోనిచ్చారు అన్నది అంత వివరంగా మన ముందుకు రాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టం చేతిలో వుంది గాని, రాయని లెక్కను ఏ హక్కూ ఇప్పించలేదు. అడగటానికి ముందు రాయించాలి.

రేపో మాపో మనలో కొందరు ఆ దేశపు రహదారుల మీద కారు నడుపుతారు. ఎందరో పూర్వవిద్యార్థులు ఇప్పటికే నడుపుతున్నారు. న్యూజెర్సీ టర్న్‌పైక్ పక్కనున్న ఎడిసన్ పట్టణంలో తెలుగు ఎంతగా వినిపిస్తుందో వారినడిగితే చెబుతారు. ఆ రోడ్డు మీద ఈనాడు కాస్త నిర్భయంగా పోగలుగుతున్నారంటే, ముప్ఫై ఏళ్ళ కిందట అదే రోడ్డు పక్కన కూర్చుని కార్లు లెక్కపెట్టినవారి ఓపిక అందులో కొంత వుంది. మనది కాని జాతి పడ్డ అవమానంనుంచి పుట్టిన రక్షణ మనకూ నీడనిస్తున్నది. ఆ రుణం గుర్తుంచుకోవటం మన విధి.

అన్యాయం జరుగుతోందని కేకవెయ్యటానికి ధైర్యం కావాలి. ఎంత జరుగుతోందో, ఎవరికి జరుగుతోందో కొలిచి చూపటానికి ధైర్యంతోపాటు ఓర్పూ కావాలి. విశ్వవిద్యాలయాలు సమాజానికి ఇవ్వగలిగింది ముఖ్యంగా ఆ రెండోదే.